పెట్టెలో పెట్టగానే హమ్, ఎడమ చానెల్‌లో గొంతు పట్టేసిన పాట: నా సొంత ఫోనో ప్రీఆంప్ కష్టాలు

లెక్కల మాస్టారు, రాజమండ్రి

అందరికీ నమస్కారం. నెల రోజులుగా ఒక ఫోనో ప్రీఆంప్‌తో (రికార్డు ప్లేయర్ ఇచ్చే సన్నటి సిగ్నల్‌ని ఆంప్లిఫయర్‌కి సరిపడా పెంచే డబ్బా) కుస్తీ పడుతున్నాను. చాలావరకు దారికొచ్చింది గానీ రెండు చిక్కులు మిగిలాయి. వివరం లేకుండా అడిగితే మీరే ఎదురు ప్రశ్నలు వేస్తారు కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తున్నాను, విసుక్కోకండి.

నాన్నగారు పోయాక అటక మీద నుంచి రెండు పెట్టెల రికార్డులు దిగాయి. ఒకదాంట్లో ఎల్‌పీలు, ఓ నలభై ఉంటాయి. రెండోదాంట్లో 78లు, అంటే నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత లక్క రికార్డులు. ఆ బరువుకి మావాడు పలకలనుకున్నాడు. ఇంట్లో ఉండాల్సిన ప్లేయరు ఏనాడో పాత సామాన్ల బండెక్కేసింది. అందుకని హైదరాబాదులో ఒకాయన దగ్గర సెకండ్ హ్యాండ్ టెక్నిక్స్ ఎస్ఎల్-డీ2 కొన్నాను. కార్ట్రిడ్జ్ (ముల్లు కదలికని కరెంటుగా మార్చే ముక్క) మాత్రం కొత్తది, ఆడియో-టెక్నికా వీఎం95ఈ. నా ఆంప్లిఫయర్‌కి ఫోనో ఇన్‌పుట్ లేదు. నేరుగా ఆక్స్‌లో (మామూలు ఇన్‌పుట్‌లో) గుచ్చి వాల్యూమ్ చివరిదాకా తిప్పితే దోమ పాడినట్టుంది. కార్ట్రిడ్జ్ ఇచ్చేది 4 మిల్లీవోల్టులు, అంతకంటే ఏం పాడుతుంది పాపం.

రెడీమేడ్ డబ్బా కొనొచ్చని తెలుసు. కానీ ఇరవై ఏళ్ళుగా పిల్లలకి లాగరిథమ్స్ చెబుతున్నవాణ్ణి, ఆర్‌ఐఏఏ కర్వు (రికార్డుల్లో బాస్, ట్రెబుల్ ఎంత మార్చాలో చెప్పే ప్రమాణం) చూశాక చేతులు ఊరుకోలేదు. రికార్డు కోసేటప్పుడు బాస్ తగ్గించి, ట్రెబుల్ పెంచి కోస్తారు. లేకపోతే బాస్ గాడి పక్క గాడిలోకి దూసుకుపోతుంది, సన్నటి శబ్దాలు గీతల చప్పుడులో కలిసిపోతాయి. మనం వినేటప్పుడు దాన్ని సరిగ్గా తిరగెయ్యాలి. 1 కిలోహెర్ట్జ్‌తో పోలిస్తే 20 హెర్ట్జ్ దగ్గర 19 డెసిబెల్స్ పైచిలుకు పెంచాలి, 20 కిలోహెర్ట్జ్ దగ్గర ఇంచుమించు అంతే తగ్గించాలి. ఇదంతా రెండు రెసిస్టర్లు, రెండు కపాసిటర్లు చేసిపెడతాయంటే ముచ్చటెయ్యదా?

నా సర్క్యూట్: ఒకే ఒక ఎన్‌ఈ5532 చిప్ (సిగ్నల్‌ని పెంచే ఆప్‌ఆంప్), అందులో సగం కుడికి, సగం ఎడమకి. ఫీడ్‌బ్యాక్‌లో (ఔట్‌పుట్ నుంచి ఇన్‌పుట్‌కి తిరిగొచ్చే దారిలో) రెండు జతలు వరసగా ఉన్నాయి. మొదటి జత 88.2 కిలో ఓములు (82, 6.2 కలిపాను), దానికి అడ్డంగా 36 నానోఫారడ్లు (33కి తోడు 3.3). రెండో జత 7.5 కిలో ఓములు, దానికి అడ్డంగా 10 నానోఫారడ్లు. రెసిస్టర్ల నిష్పత్తి 11.78, కపాసిటర్లది 3.6 వస్తే ఆర్‌ఐఏఏ కర్వు అడిగే 3180, 318, 75 మైక్రోసెకన్లు మూడూ వాటంతటవే కుదురుతాయి. రాత్రి పదకొండింటికి ఇది కాగితం మీద తేలినప్పుడు లేచి ఫ్రిజ్‌లో నీళ్ళు తాగొచ్చాను. ఫీడ్‌బ్యాక్ నుంచి గ్రౌండ్‌కి దిగే కాలికి 100 ఓములు, 220 మైక్రోఫారడ్లు. ఇన్‌పుట్‌లో మామూలే, 47 కిలో ఓములు, 100 పికోఫారడ్లు. 1 కిలోహెర్ట్జ్ దగ్గర 98 రెట్లు రావాలి, అంటే 40 డెసిబెల్స్‌కి వెంట్రుకవాసి తక్కువ.

పవర్ సప్లయ్ 15-0-15 ట్రాన్స్‌ఫార్మర్, బ్రిడ్జి రెక్టిఫయర్, ప్లస్ 15 వోల్టులకి 7815 రెగ్యులేటర్, మైనస్ 15కి 7915. మొదటి రోజే ఒక 7915ని కాల్చేశాను. అన్నదమ్ములు కదా, కాళ్ళ వరస ఒకటే అనుకున్నాను. 7815కి ఇన్‌పుట్, గ్రౌండ్, ఔట్‌పుట్. 7915కి గ్రౌండ్, ఇన్‌పుట్, ఔట్‌పుట్. పొగ వచ్చాక డేటాషీట్ తెరిచాను. దాని వీపు రేకు కూడా గ్రౌండ్ కాదు, ఇన్‌పుట్‌కి కలిసి ఉంటుందని అప్పుడే తెలిసింది. రెండోదానికి మైకా ముక్క వేసి బిగించాను.

ఇక చిక్కులు.

ఒకటి: ప్లైవుడ్ చెక్క మీద పరిచి వింటున్నంతసేపు హమ్ దాదాపు లేదు. స్టీలు పెట్టె కొని అందులో బిగించగానే బుయ్యిమంటోంది. టర్న్‌టేబుల్ చేతిని (టోన్‌ఆర్మ్‌ని) వేలితో ముట్టుకుంటే సగం తగ్గుతుంది, వేలు తీస్తే మళ్ళీ మొదలు.

రెండు: చెక్క మీద ఉన్నప్పటి నుంచీ ఎడమ చానెల్ తేడాగానే ఉంది. కుడి కంటే గట్టిగా వినిపిస్తుంది, కానీ పలచన. గాయకుడు మైకు సెట్టు హారన్‌లోంచి పాడినట్టుంటాడు. తబలాలో కుడి చేతి టకటకలు వస్తాయి, డగ్గా రాదు. మా అమ్మకి ఎనభై ఒకటి, సర్క్యూట్లు తెలీవు. విని "ఈ పక్క వాడికి గొంతు పట్టేసిందిరా" అంది. బ్యాలెన్స్ తిప్పితే గట్టిదనం సర్దుకుంటుంది, పలచదనం పోదు. టర్న్‌టేబుల్ వైర్లు ఎడమ కుడి మార్చి గుచ్చాను, జబ్బు ఎడమలోనే ఉంది. చిప్ మార్చాను, అయినా అంతే.

పనిలో పనిగా, ఆ 78లు కూడా దీంతో వినొచ్చా?

కోఠి కుర్రాడు

మాస్టారూ, మస్తు రాసిన్రు. 7915 కథ నాది కూడా సేమ్, నావి రెండు పోయినయ్.

హమ్‌కి నేను చేసింది చెప్త. ప్లగ్‌లో ఎర్త్ పిన్ కనెక్షన్ పీకేసిన, అంతే, సైలెంట్. గ్రౌండ్ లూప్ అది, అంటే గ్రౌండ్ రెండు దారులల్ల కలిసిందన్నట్టు. ఎడమ చానెల్‌కి చిప్ మీదే నా అనుమానం. మా గుజరాతీ గల్లీలో (ఎలక్ట్రానిక్స్ షాపులుండే గల్లీ) కూడా 5532 అని అచ్చేసి ఏదో ఒకటి అమ్మేటోళ్ళు ఉన్నరు. మీరు మార్చిన రెండోది కూడా అదే షాపుదైతే లాభం లేదు.

పద్మ, ప్లానో

తమ్ముడూ, ఎర్త్ పీకడం మాత్రం వద్దు. మాస్టారిది స్టీలు పెట్టె. లోపల 230 వోల్టుల వైరు ఒకటి ఊడి పెట్టెకి తగిలిందనుకో, ఎర్త్ ఉంటే ఫ్యూజ్ పోతుంది. లేకపోతే రికార్డు మార్చడానికి వచ్చిన ఆ పెద్దావిడ చెయ్యి తగులుతుంది. నువ్వు కూడా ఈ రోజే తిరిగి కలిపెయ్యి. లూప్ ఉంటే సిగ్నల్ గ్రౌండ్ వైపు సరిచేసుకోవాలి గానీ ఎర్త్ జోలికి పోకూడదు.

మాస్టారూ, ముందు ఆ హమ్ ఏ రకమో తేల్చుకోండి. ఫోన్‌లో ఏదైనా స్పెక్ట్రం ఆప్ వేసి స్పీకర్ దగ్గర పెట్టండి. 100 హెర్ట్జ్ దగ్గర లేస్తే రెక్టిఫయర్ తర్వాత ఫిల్టరింగ్ చాలనట్టు. 50, 150 దగ్గర లేస్తే బయటి నుంచి ఎక్కుతున్నట్టు, అంటే ట్రాన్స్‌ఫార్మరో, మోటారో, తేలిపోయిన గ్రౌండో. (ఇక్కడ అమెరికాలో అవి 60, 180, 120 అవుతాయి. నేను మొదట్లో ఇండియా వీడియో చూసి 50 దగ్గర వెతుక్కుంటూ కూర్చున్నాను.)

తర్వాత ట్రాన్స్‌ఫార్మర్ పూర్తిగా విప్పేసి రెండు 9 వోల్టుల బ్యాటరీలతో నడపండి. ఒక్క 5532 తాగేది 8 మిల్లీఆంపులు, సాయంత్రమంతా హాయిగా నడుస్తుంది. బ్యాటరీ మీద కూడా హమ్ ఉంటే మీ పవర్ సప్లయ్ నిర్దోషి.

చెయ్యి ముట్టుకుంటే తగ్గుతోందన్నారే, నాకు అక్కడే అనుమానం. టర్న్‌టేబుల్ వెనక నుంచి సన్నటి గ్రౌండ్ వైరు ఒకటి వస్తుంది కదా, దాన్ని పెట్టెకి ఎక్కడ బిగించారు? ఆ స్క్రూ కింద రంగు ఉందా? టోన్‌ఆర్మ్ లోహం మీద మీటర్ ఒక కాలు, బోర్డు గ్రౌండ్ మీద ఇంకో కాలు పెట్టి బీప్ వస్తుందో లేదో చూసి చెప్పండి.

పాత రేడియో, తెనాలి

మాస్టారు గారికి నమస్కారం. నలభై ఏళ్ళు రేడియోలు, ఆంప్లిఫయర్లు బాగుచేసి ఇప్పుడు కళ్ళు సహకరించక మానేసినవాణ్ణి. హమ్ సంగతి అమ్మాయి చెప్పింది, దానికి నేను కలిపేదేమీ లేదు. ఎడమ చానెల్ గురించి చెబుతాను.

చిప్ పాడైతే పాట చిట్లుతుంది, లేదా అసలు రాదు. ఇంత పద్ధతిగా బాస్ పోయి మధ్య స్వరాలు పైకి లేవడం చిప్ పని కాదు, కర్వు పని. కర్వు మీ నాలుగు భాగాల్లోనే ఉంది. ఇప్పుడు మీ లెక్క మీరే తిరగెయ్యండి. గట్టిగానూ ఉంది, పలచగానూ ఉంది. రెసిస్టర్ తప్పయితే 82కి బదులు 8.2 పడి ఉండాలి. అప్పుడు బాస్ పోతుంది గానీ మధ్య స్వరాలు ఇంత పెరగవు. 36 నానోఫారడ్లు ఉండాల్సిన చోట చాలా తక్కువ ఉంటే మాత్రం రెండూ జరుగుతాయి.

మీరు 33కి తోడు 3.3 అన్నారు. పాలియెస్టర్ కపాసిటర్ల మీద 33 అయితే 333 అని, 3.3 అయితే 332 అని ఉంటుంది. ఆవగింజంత అక్షరాలు. ఎడమలో రెండూ 332లే పడ్డాయని నా అనుమానం. అంటే 36 బదులు 6.6. ఒక కాలు ఊడదీసి మీటర్‌తో కొలవండి, బోర్డు మీద ఉండగా కొలిస్తే అబద్ధం చెబుతుంది.

మా షాపులో ఈ పొరపాటు నెలకొకటి జరిగేది. కుర్రాళ్ళు కాదు, ఎక్కువగా నేనే.

78ల సంగతి. మొదటి మాట, మీ టర్న్‌టేబుల్‌లో 33, 45 తప్ప 78 వేగం లేదు. రెండోది, ముల్లు. ఎల్‌పీ ముల్లు 78 గాడిలో అడుక్కంటా దిగి, అడుగున ఉన్న మట్టినంతా చదువుతుంది. నాలుగింతలు లావు ముల్లు కావాలి. మీ కార్ట్రిడ్జ్ ఒంటికే 78ల ముల్లు విడిగా దొరుకుతుంది, కానీ దానికి బరువు బాగా ఎక్కువ పెట్టాలి, మీ టోన్‌ఆర్మ్‌కి అంత అమరుతుందో లేదో చూసుకోండి. మూడోది, ఆర్‌ఐఏఏ ఒప్పందం 1954 నాటిది. అంతకు ముందు ఏ కంపెనీ కర్వు దానిదే. మన దేశంలో 1960లలో కూడా 78లు వచ్చాయి కాబట్టి మీ పెట్టెలో అన్ని రకాలూ ఉండొచ్చు. 45 వేగంలో తిప్పి, కంప్యూటర్లోకి ఎక్కించి, అక్కడ వేగం, కర్వు సరిచేసుకునే వాళ్ళున్నారు. మీకు లెక్కలొచ్చు కాబట్టి ఓపికుంటే చెయ్యగలరు.

వాటిని స్పిరిట్‌తో మాత్రం తుడవకండి. అది లక్క. కరుగుతుంది.

సుధ, కొత్తగా చేరాను

మధ్యలో దూరుతున్నందుకు క్షమించండి. మా తాతయ్యది హెచ్ఎంవీ సూట్‌కేస్ ప్లేయర్ ఉంది. లోపలి స్పీకర్ పోయింది. మాస్టారి సర్క్యూట్ చేసి దానికి పెట్టొచ్చా?

పాత రేడియో, తెనాలి

అవసరం లేదమ్మా. అందులో సాధారణంగా ఉండేది సెరామిక్ కార్ట్రిడ్జ్. అది మిల్లీవోల్టులు కాదు, వందల మిల్లీవోల్టులిస్తుంది. కర్వు కూడా చాలావరకు అదే సర్దుకుంటుంది. మాస్టారి డబ్బా పెడితే చెవులు పోతాయి. దానికి కావాల్సింది పెద్ద ఇన్‌పుట్ ఇంపెడెన్సు, ఒక మెగా ఓము దాకా. ముందు ముల్లు బతికి ఉందో లేదో చూపించుకో. అరిగిన ముల్లుతో తాతయ్య రికార్డులు పాడవుతాయి.

లెక్కల మాస్టారు, రాజమండ్రి

ఆదివారమంతా దీనికే సరిపోయింది. వరసగా చెబుతాను.

పద్మగారూ, ఆప్‌లో 50 దగ్గర పెద్ద స్తంభం, 150 దగ్గర ఇంకోటి. 100 దగ్గర ఏమీ లేదు. బ్యాటరీలు పెట్టాను, హమ్ కొంచెం తగ్గిందేమో గానీ పోలేదు, చెయ్యి ముట్టుకుంటే తగ్గడం కూడా అలాగే ఉంది. టోన్‌ఆర్మ్‌కీ బోర్డు గ్రౌండ్‌కీ మధ్య బీప్ రాలేదు. మీటర్ పాడైందనుకుని దాని రెండు కాళ్ళూ కలిపి చూశాను, కూసింది.

చెక్క మీద ఉన్నప్పుడు ఆ గ్రౌండ్ వైరుని బోర్డు మీద పిన్నుకి చుట్టేవాణ్ణి. పెట్టెలోకి మార్చాక అందంగా ఉంటుందని వెనక పలక మీద ఇత్తడి స్క్రూ పెట్టి దానికి బిగించాను. ఆ పలక మీద నల్లటి పౌడర్ కోటింగ్, బయటా లోపలా. స్క్రూ చుట్టూ రంగు, వాషర్ కింద రంగు, కన్నం అంచులో కూడా రంగు. అంటే వైరు ఒక ఇత్తడి బొడిపెకి కలిసింది, ఆ బొడిపె దేనికీ కలవలేదు. స్క్రూ విప్పి, రూపాయి బిళ్ళంత మేర ఎమరీ పేపర్‌తో రుద్దాను. ముందు నల్లగా రాలింది, తర్వాత బూడిద రంగు, ఆ తర్వాత స్టీలు మెరుపు కనబడింది. పళ్ళున్న వాషర్ వేసి బిగించాను. మీటర్ కూసింది. బ్యాటరీ మీద హమ్ చచ్చిపోయింది. వాల్యూమ్ సగం దాటించినా సన్నటి ఇసుక చప్పుడే.

తిరిగి ట్రాన్స్‌ఫార్మర్ పెడితే కొంచెం వచ్చింది. అది బోర్డుకి నాలుగు వేళ్ళ దూరంలో ఉంది. స్క్రూలు విప్పి, అడుగున అట్ట వేసి, పాట లేకుండా వాల్యూమ్ పెంచి పెట్టి మెల్లగా తిప్పుతూ విన్నాను. పాత రేడియోలో స్టేషన్ వెతికినట్టే. ఒక కోణం దగ్గర ఠక్కున మునిగిపోయింది. ఆ కోణంలోనే కన్నాలు వేసి, వీలైనంత మూలకి జరిపి బిగించాను. బయటికి చూస్తే వంకరగా కనిపిస్తుంది. మూత వేస్తే ఎవరికి తెలుస్తుంది?

కోఠి తమ్ముడూ, ఎర్త్ నేను పీకలేదు. మా పెరట్లో ఉప్పూ బొగ్గూ వేసిన ఎర్త్ గొయ్యి ఉంది. వేసవిలో అమ్మ మల్లె పాదుకి నీళ్ళు పోస్తూ దానికీ ఒక చెంబు పోస్తుంది, నాన్నగారు నేర్పిన అలవాటు. నువ్వు కూడా కలిపెయ్యి.

ఇక తెనాలి పెద్దాయనకి. టార్చీ, భూతద్దం పెట్టుకుని చూశాను. కుడి వైపు 333, 332. ఎడమ వైపు 332, 332. ఊడదీసి కొలిస్తే 3.3, 3.3. అసలు 333 ఎక్కడికి పోయిందంటే కవర్లోనే ఉంది, నేను కొన్న రెండూ సరిగ్గా లెక్కపెట్టి ఉంటే మొదటి రోజే ఒకటి మిగిలిందని తెలిసేది. లెక్కల మాస్టారిని. అది వేశాక మోనో రికార్డు పెట్టి చూశాను, గాయకుడు రెండు స్పీకర్ల నడిమధ్యకి వచ్చి నిలబడ్డాడు. అంతకుముందు గది ఎడమ మూలలో ఉండేవాడు. కాగితం మీద కూడా వేసి చూశాను, ఆ తప్పుకి 1 కిలోహెర్ట్జ్ దగ్గర 9 డెసిబెల్స్ పైన పెరుగుతోంది, 50 హెర్ట్జ్ దగ్గర 3 కూడా పెరగడం లేదు. మీరు వినకుండానే చెప్పారు.

అమ్మ రెండు పక్కలా విని "ఇప్పుడు ఇద్దరూ ఒకడే" అంది. తర్వాత నాన్నగారి వీణ రికార్డు ఒకటి అడిగింది. దాన్ని పెడితే కొత్త తంటా. రికార్డు వంకర తిరిగింది, చక్రం తిరిగినప్పుడల్లా వూఫర్ కాగితం పొట్ట ముందుకీ వెనక్కీ ఊగుతోంది. శబ్దమేమీ లేదు గానీ చూస్తే భయమేస్తోంది. దీనికేమైనా చెయ్యొచ్చా?

పద్మ, ప్లానో

పౌడర్ కోటింగే! ఇదే తప్పు మా ఆయన కూడా చేశాడు, ఒప్పుకోడు.

కోఠి కుర్రాడు

ఎర్త్ కలిపిన అక్కా. హమ్ మళ్ళా వచ్చింది. ఈ వారం ఎమరీ పేపర్ కొంట.

పాత రేడియో, తెనాలి

సంతోషం మాస్టారూ. ఆ ఊపు వినబడని బాస్, ఐదారు హెర్ట్జ్‌ల పని. మీ గ్రౌండ్ కాలిలో 100 ఓములతో 220 మైక్రోఫారడ్లు ఉంది కదా, అది 7 హెర్ట్జ్ దాకా తలుపు తెరిచి పెడుతోంది. 220 తీసి 100 వెయ్యండి, తలుపు 16 దగ్గర మూసుకోవడం మొదలవుతుంది. ఊపు దాదాపు సగమవుతుంది. అడుగు బాస్ కొద్దిగా పోతుంది, వీణకి తేడా తెలియదు. రెండు చానెళ్ళలోనూ మార్చండి, ఈసారి లెక్కపెట్టుకుని.

రికార్డుని ఎండలో పెట్టి పైన పుస్తకాలు పేర్చితే చదునవుతుందని ఎవరైనా చెబితే వినకండి. నేను విన్నాను. ఆ రికార్డు ఇప్పుడు మా మనవరాలి కుండీ కింద పళ్ళెం.

లెక్కల మాస్టారు, రాజమండ్రి

100 మైక్రోఫారడ్లవి ఇంట్లో మూడున్నాయి, కొలిచాను. రాత్రికి మార్చేస్తాను. 78ల పెట్టె ఇంకా తెరవలేదు, 45ని 78 చెయ్యాలంటే 1.733తో హెచ్చవెయ్యాలని మావాడు మాత్రం అప్పుడే లెక్క కట్టేశాడు.